మోరిస్ 'కామన్‌వీల్' ఎందుకు ఆగిపోయింది? డబ్బు కథ కొంతే, అసలు కథ వేరు

మీరడిగింది రెండు ప్రశ్నలు. విలియం మోరిస్ లండన్‌లో నడిపిన 'కామన్‌వీల్' సోషలిస్టు వారపత్రిక డబ్బుల్లేక మూతపడిందా, పోలీసుల దెబ్బకా అన్నది ఒకటి. అనీ బిసెంట్ మద్రాసులో నడిపిన 'కామన్‌వీల్' దీని కొనసాగింపేనా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది: కాదు. మోరిస్ పత్రిక 1885లో పుట్టి 1894లో ఆగింది. బిసెంట్ వారపత్రిక 1914 జనవరిలో మద్రాసులో మొదలైంది. మధ్యలో ఇరవయ్యేళ్ళు, ఒక సముద్రం. పేరొక్కటే కలిసింది. అయితే ఆవిడకు ఆ మొదటి కామన్‌వీల్ మనుషులు చాలామంది తెలిసినవాళ్ళే. ఆ సంగతి తర్వాత చెప్తాను.

మొదటి ప్రశ్నకు నా జవాబు: డబ్బూ కాదు, పోలీసులూ కాదు. వాటి పాత్ర ఉంది, కానీ ఆ రెండూ వచ్చేసరికే పత్రిక చేతులు మారి, పట్టు తప్పింది. నేను కొన్నేళ్ళు ఒక చిన్న తెలుగు మాసపత్రిక నడిపినవాణ్ణి. ఆ తర్వాత కార్మికోద్యమ పత్రికల చరిత్ర చదవడమే వ్యాపకమైంది. అందుకే నా చూపు సిద్ధాంత చర్చల కంటే చందాల మీదకీ ప్రెస్సు బిల్లుల మీదకీ ముందు వెళ్తుంది. సిద్ధాంతం వైపునుంచి వచ్చేవాళ్ళు ఇదే కథను ఇంకోలా చెప్తారు, వాళ్ళదీ వినండి.

బ్రిటన్‌లో పత్రికల మీద ప్రకటనల పన్ను 1853లో, స్టాంపు పన్ను 1855లో, కాగితం పన్ను 1861లో పోయాయి. పెన్నీకి పత్రిక అమ్మడం అప్పుడే సాధ్యమైంది. ఆ తరవాతి తరంలో సోషలిస్టులు ముందుగా పెట్టిన వారపత్రిక 'జస్టిస్'. 1884 జనవరిలో వచ్చింది. డెమొక్రటిక్ ఫెడరేషన్ అనే సంస్థ తరఫున హెన్రీ హైండ్‌మన్ నడిపించాడు. పెట్టుబడి 300 పౌండ్లు సోషలిస్టు రచయిత ఎడ్వర్డ్ కార్పెంటర్ ఇచ్చాడు. అమ్మడానికి ఏజెంట్లు దొరక్కపోతే వీళ్ళే వీధిలో నిలబడ్డారు. పట్టు టోపీ, పొడుగు కోటు వేసుకున్న హైండ్‌మన్, పక్కన నీలం సూటులో గుబురు గడ్డం మోరిస్, ఫ్లీట్ స్ట్రీట్ వైపు పెన్నీ పత్రిక కేకేసి అమ్ముతుంటే జనం వింతగా చూశారు. మోరిస్ అప్పటికే పేరున్న కవి. ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లో గోడ కాగితాలు, తివాచీలు, అద్దకం గుడ్డలు అమ్మే ఖరీదైన దుకాణం ఆయనది. జస్టిస్‌కి వారం వారం పడే లోటులో కొంత ఆయనే పూడ్చేవాడు.

ఏడాది తిరగకుండానే తగువు వచ్చింది. సంస్థ పేరు సోషల్ డెమొక్రటిక్ ఫెడరేషన్‌గా మారింది కానీ హైండ్‌మన్ తీరు మారలేదు. సంస్థా తనే, పత్రికా తనే అన్నట్టు నడిపేవాడు. 1884 డిసెంబర్ చివర కార్యవర్గంలో ఓటు పెడితే మోరిస్ వైపు 10, హైండ్‌మన్ వైపు 8 పడ్డాయి. ఇక్కడో విచిత్రం చూడండి. గెలిచినవాళ్ళు రాజీనామా చేసి బయటికొచ్చారు, ఓడినవాళ్ళకి పత్రిక మిగిలింది! మోరిస్‌తోపాటు కార్ల్ మార్క్స్ కూతురు ఎలినార్, ఆమె సహచరుడు ఎడ్వర్డ్ ఏవ్లింగ్, బెల్ఫోర్ట్ బాక్స్ వచ్చేసి సోషలిస్ట్ లీగ్ పెట్టారు. 1885 ఫిబ్రవరిలో దాని మాసపత్రికగా కామన్‌వీల్ వెలువడింది. మోరిస్ సంపాదకుడు, ఏవ్లింగ్ సహాయ సంపాదకుడు, ఆఫీసు ఫారింగ్డన్ స్ట్రీట్‌లో, వెల ఒక పెన్నీ.

మొదటి రెండేళ్ళ సంచికలు ఇప్పుడు చదివినా ఆశ్చర్యమేస్తుంది. రెండో సంచికలోనే, అంటే 1885 మార్చిలో, మార్క్స్ సహచరుడు ఎంగెల్స్ రాశాడు, ఇంగ్లండ్ 1845లో ఎలా ఉండేది, 1885లో ఎలా ఉంది అని. ఎలినార్ మార్క్స్ ఏ దేశంలో ఏ సమ్మె, ఏ అరెస్టు అని ప్రపంచ ఉద్యమ వార్తలు కూర్చేది. వాల్టర్ క్రేన్ బొమ్మలు వేశాడు. మొదటి సంచిక వచ్చిన నెలలోనే దేశమంతా సూడాన్‌లో జనరల్ గోర్డన్ చనిపోయాడని గుండెలు బాదుకుంటోంది. అప్పుడు అక్కడ బ్రిటన్ చేస్తున్న యుద్ధం దోపిడీ యుద్ధమని బాహాటంగా అన్న కొద్దిమందిలో వీళ్ళున్నారు. 1871లో పారిస్ కార్మికులు కొన్నాళ్ళు నగరాన్ని ఏలిన పారిస్ కమ్యూన్ మీద మోరిస్ ఒక దీర్ఘ కవితను ధారావాహికగా రాశాడు. బాక్స్‌తో కలిసి సోషలిజం చరిత్రను మొదటినుంచీ చెప్పే వ్యాసాలు రెండేళ్ళపాటు నడిపాడు. 14వ శతాబ్దపు రైతు తిరుగుబాటు మీద 'ఎ డ్రీమ్ ఆఫ్ జాన్ బాల్' 1886 నవంబర్ నుంచి 1887 జనవరి దాకా వచ్చింది.

1886 మే 1 నుంచి పత్రికను వారపత్రిక చేశారు. నా లెక్కలో మొదటి తప్పటడుగు ఇది. మాసపత్రికకు లోటొస్తే నెలకోసారి సర్దుకోవచ్చు. వారపత్రిక అంటే శుక్రవారానికల్లా పేజీలు నిండాలి, ప్రెస్సు కూలీ ఇవ్వాలి, అమ్ముడవని కాపీలు తిరిగొచ్చి గదిలో మూల పడాలి. ఏవ్లింగ్ పని వదులుకున్నాడు. బాక్స్ వచ్చాడు, తర్వాత హాలిడే స్పార్లింగ్ వచ్చాడు. ఇతను మోరిస్‌కి కాబోయే అల్లుడు.

ఇప్పుడు డబ్బు లెక్క చూద్దాం. చరిత్రకారులు చెప్పే అమ్మకం వారానికి రెండు మూడు వేల కాపీలు. మోరిస్ పత్రికకూ లీగ్‌కూ కలిపి ఏటా సుమారు 500 పౌండ్లు పెట్టేవాడని చెప్తారు. అప్పట్లో పౌండుకు 240 పెన్నీలు. 500 పౌండ్లంటే 1,20,000 పెన్నీలు, వారానికి 2,300 పైచిలుకు. అంటే పాఠకులు ఒక పెన్నీ పెట్టి కొంటుంటే, దాదాపు ఇంకో పెన్నీ మోరిస్ జేబులోంచి పోతోందన్నమాట. ఆ పాఠకుడి పెన్నీ కూడా పూర్తిగా చేతికి రాదు. అమ్మినవాడి కమీషన్ ఉంటుంది, శాఖల పాత బాకీలుంటాయి. శాఖలు కాపీలు తీసుకుని డబ్బు పంపకపోవడం ఏ ఉద్యమ పత్రికకైనా తప్పని తద్దినం, భాష ఏదైనా సరే.

అయినా డబ్బుల్లేక ఆగిందని నేను అనను. ఎందుకంటే 1890 దాకా డబ్బు ఆగలేదు. అసలు ఇబ్బంది తిరగబడి ఉంది. లోటు పూడ్చేవాడు ఉన్నాడన్న ధీమాతో ఎవరూ పాఠకుల కోసం పత్రికను మార్చాల్సిన అవసరం రాలేదు. పోల్చి చూడండి. 1891 డిసెంబర్‌లో మాంచెస్టర్‌లో రాబర్ట్ బ్లాచ్‌ఫర్డ్ 'క్లారియన్' పెట్టాడు. అతనికి మోరిస్ లాంటి మనిషి వెనకాల లేడు, అమ్ముకుంటేనే బతుకు. దాంతో సోషలిజంతోపాటు జోకులు, ఆటలు, నాటక సమీక్షలు, పాఠకుల ఉత్తరాలు, సైకిల్ క్లబ్బులు వచ్చాయి. పత్రిక వారం వారం వేల ఇళ్ళలోకి వెళ్ళింది. అందులో వచ్చిన వ్యాసాలను 1894లో పెన్నీ పుస్తకంగా వేస్తే లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. సాహిత్యంగా చూస్తే కామన్‌వీల్ ముందు క్లారియన్ దిగదుడుపే, నాకందులో సందేహం లేదు. కానీ వారం వారం కొని చదివే మిల్లు కార్మికుడు దానికున్నాడు, దీనికి లేడు.

పోలీసుల సంగతి. పత్రిక ఎక్కువగా అమ్మేది వీధి సభల్లో. ఆదివారం మూలమలుపులో ఒకరు పెట్టె ఎక్కి మాట్లాడతారు, ఇంకొకరు పత్రికలు పట్టుకుని జనంలో తిరుగుతారు. రాకపోకలకు అడ్డం అనే సెక్షన్ కింద పోలీసులు ఆ సభలనే పట్టుకున్నారు. 1885 సెప్టెంబర్‌లో లైమ్‌హౌస్ దగ్గర డాడ్ స్ట్రీట్‌లో అరెస్టులయ్యాయి. కోర్టులో తీర్పు విని జనం గొడవ చేస్తే ఆ కలకలంలో మోరిస్‌నీ పట్టుకున్నారు. నువ్వెవరివని మేజిస్ట్రేట్ అడిగితే, "నేనొక కళాకారుణ్ణి, సాహిత్యకారుణ్ణి, యూరప్ అంతటా బాగానే తెలిసినవాణ్ణనుకుంటాను" అన్నాడు. వదిలేశారు. మరుసటేడు ఇంకో వీధి సభలో మాట్లాడినందుకు ఆయనకు పడిన జరిమానా ఒక్క షిల్లింగు. అదే కేసులో కార్మికులైన సహచరుల మీద పెద్ద విచారణ నడిచింది, ఒకతను జైలుకెళ్ళాడు. పేరున్నవాడికో లెక్క, కూలివాడికో లెక్క అని మోరిస్‌కి బాగా కొట్టొచ్చినట్టు తెలిసింది ఇలాంటిచోటే.

1887 నవంబర్ 13న ట్రఫాల్గర్ స్క్వేర్ దగ్గర ఊరేగింపుల మీద పోలీసులు, గుర్రపు దళాలు విరుచుకుపడ్డారు. చరిత్రలో దీన్ని రక్తపు ఆదివారం అంటారు. మరుసటి ఆదివారం అక్కడే ఆల్ఫ్రెడ్ లిన్నెల్ అనే గుమాస్తా పోలీసు గుర్రాల కింద నలిగి, కొన్నాళ్ళకు చనిపోయాడు. డిసెంబర్ 18న అతని శవయాత్రలో లండన్ కదిలింది. మోరిస్ ఆ రోజు కోసం పాట రాశాడు, క్రేన్ బొమ్మ వేశాడు, దాన్ని పెన్నీకి అమ్మి కుటుంబానికి ఇచ్చారు. చీకటి పడ్డాక వానలో, లాంతరు వెలుగులో మోరిస్ సమాధి దగ్గర మాట్లాడాడు.

మీ బిసెంట్ ఇక్కడే వస్తుంది. ఆ శవయాత్రను నిలబెట్టినవాళ్ళలో ఆవిడ ముఖ్యురాలు. ఆ వెంటనే, 1888లో, పత్రికా సంపాదకుడు డబ్ల్యూ.టి. స్టెడ్‌తో కలిసి 'ది లింక్' అనే అర పెన్నీ పత్రిక పెట్టింది. అందులో జూన్ 23న బ్రయంట్ అండ్ మే అగ్గిపెట్టెల ఫ్యాక్టరీ ఆడపిల్లల జీతాలు, జరిమానాల మీద ఆవిడ రాసిన వ్యాసంతో మొదలైన కదలిక జులైలో పెద్ద సమ్మె అయింది, గెలిచింది. పుట్టిన ఏడాదే ఆగిపోయిన చిట్టి పత్రిక, ఒక్క వ్యాసంతో చరిత్రలో నిలబడింది. ఆ తర్వాత ఆవిడ దివ్యజ్ఞాన సమాజంలో చేరి అడయార్ వచ్చింది. 1914లో మద్రాసులో ముందు 'కామన్‌వీల్' వారపత్రిక, జులైలో 'న్యూ ఇండియా' దినపత్రిక మొదలుపెట్టింది. 1916లో ప్రెస్ చట్టం కింద న్యూ ఇండియా కట్టిన 2,000 రూపాయల ధరావతును ప్రభుత్వం జప్తు చేసి, 10,000 కట్టమంది. మన మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాల కూడా ఆ కాలంలో ఆవిడ పూనికతో వచ్చిందే. మద్రాసు కామన్‌వీల్ లక్ష్యం స్వపరిపాలన, సంస్కరణ. మోరిస్ విప్లవం అందులో వెతికితే దొరకదు.

ఇక లీగ్ లోపలి సంగతి. నా దృష్టిలో అసలు వ్యాధి ఇది. మోరిస్‌కు పార్లమెంటు ఎన్నికలంటే నమ్మకం లేదు. అక్కడికి వెళ్తే మనవాళ్ళూ వాళ్ళలాగే అయిపోతారనేది ఆయన వాదన. ఎలినార్, ఏవ్లింగ్, వాళ్ళ బ్లూమ్స్‌బరీ శాఖ ఎన్నికల్లోకి దిగాలన్నారు. ప్రతి ఏటా మహాసభలో ఇదే తగువు. 1888లో ఆ శాఖ లీగ్‌తో తెగతెంపులు చేసుకుంది. మోరిస్ మాటే నెగ్గింది. కానీ ఆ గెలుపు ఖరీదు ఎంతో చూడండి. లీగ్‌లో మోరిస్‌కూ అనార్కిస్టులకూ (అసలు ప్రభుత్వమే వద్దనేవాళ్ళకూ) మధ్య ఉన్న మనుషులంతా వెళ్ళిపోయారు. ఓట్ల తూకం మారిపోయింది. మోరిస్ అనార్కిస్టు కాడు, కానీ ఇప్పుడు తన పత్రికలో, తన ఖర్చుతో, వాళ్ళ మధ్య ఒంటరి.

ఆ మరుసటేడు, 1889 ఆగస్టు, సెప్టెంబర్లలో లండన్ రేవు కూలీల సమ్మె. గంటకు ఆరు పెన్నీలు ఇవ్వాలన్నదే డిమాండు. రోజుకూలీ కోసం గేటు దగ్గర కొట్టుకునే మనుషులు ఐదు వారాలు కట్టుగా నిలబడి గెలిచారు. యూనియన్లలోకి జనం వరదలా వచ్చారు. ఒక కార్మిక పత్రికకు ఇంతకంటే మంచి అదను ఏముంటుంది? కామన్‌వీల్ సమ్మెను మెచ్చుకుంది, కాదనను. కానీ కూలి పెంపు అసలు గమ్యం కాదు, విప్లవం గమ్యం అనే పాట ఆపలేదు. సిద్ధాంతంగా అది తప్పు కాకపోవచ్చు. పత్రిక నడిపేవాడిగా నాకు మాత్రం అది చదువుతుంటే చేతులు నలుపుకోవాలనిపిస్తుంది. గుమ్మంలో నిలబడ్డ వేలమంది కొత్త పాఠకులను లోపలికి పిలవకుండా వాకిట్లోనే ఉపన్యాసం ఇచ్చారు.

సరిగ్గా ఆ సమయంలోనే పత్రిక తన గొప్ప రచనను వేయడం మరో విచిత్రం. అమెరికా నుంచి వచ్చిన ఒక భవిష్యత్తు నవలను మోరిస్ 1889 జూన్‌లో కామన్‌వీల్‌లో సమీక్షించి, అందులో ఊహించిన యంత్రాల క్రమశిక్షణ సమాజం తనకు వద్దన్నాడు. దానికి బదులుగా తన సొంత కల రాయడం మొదలుపెట్టాడు. అదే 'న్యూస్ ఫ్రమ్ నోవేర్'. 1890 జనవరి 11 నుంచి అక్టోబర్ 4 దాకా ధారావాహికగా వచ్చింది. డబ్బు లేని, జైళ్ళు లేని, థేమ్స్ నీళ్ళు తేటగా పారే లండన్. పార్లమెంటు భవనంలో ఎరువు నిల్వ చేసే లండన్.

ఆ సీరియల్ సగంలో ఉండగానే, మే నెలలో జరిగిన లీగ్ వార్షిక సభ మోరిస్‌నూ స్పార్లింగ్‌నూ సంపాదకత్వం నుంచి తప్పించి ఫ్రాంక్ కిట్జ్‌నూ డేవిడ్ నికోల్‌నూ పెట్టింది. పత్రిక చరిత్రంతటిలో నేను మళ్ళీ మళ్ళీ తిరిగి చూసేది ఈ ఘట్టాన్నే. పత్రిక పెట్టినవాడు, లోటు భరించేవాడు, దానిలో అందరూ చదివే ఏకైక రచన రాస్తున్నవాడు, ముగ్గురూ ఒక్కడే. అతన్ని చేతులెత్తి తీసేశారు. మోరిస్ అలిగి సీరియల్ ఆపలేదు. చివరిదాకా ఇచ్చాడు, డబ్బూ ఇచ్చాడు. జులైలో లీడ్స్ గ్యాస్ కార్మికుల గొడవల మీద శామ్యూల్స్ అనే అతను రక్తం మరిగే రాతలు రాస్తే, హద్దు మీరుతున్నారు, అతనికి కళ్ళెం వేయండి, లేదంటే నా సాయం ఉండదు అని నికోల్‌కు ఉత్తరం రాశాడు. కళ్ళెం పడలేదు. నవంబర్‌లో 'మనమిప్పుడెక్కడున్నాం' అన్న అర్థం వచ్చే వీడ్కోలు వ్యాసం రాసి, హామర్‌స్మిత్ శాఖతో సహా లీగ్ నుంచి బయటికొచ్చాడు. అల్లర్లు కాదు, సోషలిస్టులను తయారుచేయడమే మన పని అని అందులో చెప్పాడు.

పత్రికను సభ్యుల ఓటుకు కట్టేయడం ప్రజాస్వామ్యమే కదా అని మీరడగొచ్చు. నిజమే. హైండ్‌మన్ ఏకఛత్రాధిపత్యం మీద తిరగబడి వచ్చినవాళ్ళు, తమ పత్రికను మహాసభ చేతుల్లో పెట్టడం న్యాయమే. కానీ మహాసభకు వచ్చేది కొన్ని పదులమంది. పత్రిక చదివేది రెండు మూడు వేలమంది. వాళ్ళ తరఫున ఆ గదిలో ఎవరూ లేరు. జస్టిస్ దీనికి పూర్తి వ్యతిరేకం. మొదట హైండ్‌మన్, తర్వాత దీర్ఘకాలం హ్యారీ క్వెల్చ్ అనే కార్మికుడు గట్టిగా పట్టుకుని నడిపారు. చప్పగా ఉంటుంది, మొండిగా ఉంటుంది, అయినా అదే పేరుతో 1925 దాకా బతికింది. క్లెర్కెన్‌వెల్ గ్రీన్‌లోని వాళ్ళ ప్రెస్సులోనే 1902లో లండన్ వచ్చిన లెనిన్ తన రష్యన్ విప్లవ పత్రిక 'ఇస్క్రా' అచ్చు వేయించుకున్నాడు. క్వెల్చ్ తన ఇరుకు గదిలో అతనికి కొంత చోటిచ్చాడు.

మన వైపు సంబంధం కావాలంటే కామన్‌వీల్ కంటే హైండ్‌మన్ దగ్గర ఎక్కువ దొరుకుతుంది. బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను ఊడ్చేసిన 1876-78 కరువు నడుస్తుండగానే ఆయన భారతదేశపు సంపద తరలింపు మీద లెక్కలు తీసి, 1878లో దేశం దివాళా తీస్తోందని వ్యాసం రాశాడు. దాదాభాయి నౌరోజీతో ఆయన స్నేహం చాలాకాలం నిలిచింది.

మోరిస్ వెళ్ళాక పోలీసులు లోపలికొచ్చారు. బయటినుంచి కాదు, లోపలినుంచే. ఇంగ్లండ్‌లోనే వాల్సాల్ అనే ఊళ్ళో కొందరు అనార్కిస్టులను బాంబులు చేస్తున్నారని పట్టుకుని 1892 ఏప్రిల్‌లో ముగ్గురికి పదేసి ఏళ్ళు, ఒకరికి ఐదేళ్ళు వేశారు. వాళ్ళను ఆ పనిలోకి దింపిన ఒగుస్త్ కూలోన్ పోలీసుల మనిషని నికోల్‌కు అర్థమైంది. కోపంతో కామన్‌వీల్‌లో హోం మంత్రి, జడ్జి, ఇన్‌స్పెక్టర్ మెల్విల్ పేర్లు పెట్టి, వీళ్ళు బతకదగ్గవాళ్ళేనా అని రాశాడు. హత్యకు ప్రేరేపించాడని 18 నెలల జైలు. పత్రిక ప్రచురణకర్తగా చార్లెస్ మోబ్రేనూ పట్టుకున్నారు. అప్పుడే అతని భార్య చనిపోయింది, ఇంట్లో పిల్లలు. అంత్యక్రియలకు వెళ్ళేందుకు 500 పౌండ్ల జామీను కట్టింది ఎవరనుకున్నారు? మోరిస్. పత్రికతో తెగతెంపులై దాదాపు ఏడాదిన్నర అయ్యాక కూడా. మోబ్రే నిర్దోషిగా బయటపడ్డాడు.

తర్వాత పత్రిక ఆ శామ్యూల్స్ చేతిలోకే వెళ్ళింది. 1894 ఫిబ్రవరి 15న గ్రీనిచ్ అబ్జర్వేటరీ పార్కులో బాంబు చేతిలోనే పేలి చనిపోయిన మార్షియల్ బూర్డాన్ ఇతని బావమరిది. శామ్యూల్స్ కూడా పోలీసుల మనిషేనని నికోల్ తర్వాత ఆరోపించాడు. అది రుజువైందని నేను చెప్పను, కానీ అనుమానం చాలు పత్రిక చావడానికి. ఎవరి మీద ఎవరికీ నమ్మకం లేని ఆఫీసులో ఎవరు వ్యాసం ఇస్తారు, ఎవరు చందా కడతారు? ఆ ఏడాదే ఆగిపోయింది. మిగిలినవాళ్ళు కొందరు 1895లో 'ఫ్రీడమ్' అనే అనార్కిస్టు పత్రికలో కలిశారు. నికోల్ కామన్‌వీల్ పేరుతోనే అప్పుడప్పుడూ ఒక్కడే సంచికలు వేసి వీధుల్లో అమ్ముకుంటూ తిరిగాడు.

మీరు సంచికలు చదవాలనుకుంటే మొదటినుంచి వరసగా పోకండి, మధ్యలో వదిలేస్తారు. 1885 మార్చి సంచికలో ఎంగెల్స్ వ్యాసం, 1889 జూన్‌లో మోరిస్ సమీక్ష, 1890 మే నుంచి జులై దాకా సీరియల్ వచ్చిన పేజీలూ వాటి పక్క పేజీలూ, ఆ నవంబర్ వీడ్కోలు వ్యాసం, చివరగా నికోల్‌ను జైలుకు పంపిన వ్యాసం ఉన్న 1892 ఏప్రిల్ 9 సంచిక. ఈ వరసలో చూడండి. సీరియల్ పక్క పేజీలు తప్పకుండా చదవండి, పుస్తకంలో అవి ఉండవు. పుస్తకం సంగతి వచ్చింది కాబట్టి: మోరిస్ తన కెల్మ్‌స్కాట్ ప్రెస్సులో అదే నవలను చేతి కాగితం మీద ముద్రించి రెండు గినీలకు అమ్మాడు, అంటే 504 పెన్నీలు. పత్రికలో అయితే ముప్పై తొమ్మిది వారాలకు ముప్పై తొమ్మిది పెన్నీలు.